బీరువా మీది గొంతు

కొరుక్కుపేట దాటగానే బండి ఆగింది. ఈ లైనులో తిరిగేవాళ్ళెవరూ అందుకు కిటికీలోంచి తల బయటపెట్టి చూడరు. ముందు గూడ్సు పోవాలి, దాని వెనక ఇంకో గూడ్సు పోవాలి, ఆ తర్వాతే మనం. నేను సూళ్ళూరుపేట పోతున్నాను. అక్కడ నాకేం పని అని అడక్కండి. పనుంటేనే బండెక్కే వయసు నాకు ఎప్పుడో దాటిపోయింది.

అప్పుడు ఎదుటి సీటులోంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"బాబూ... ఒక్క పొట్లం వేరుశెనగలు ఇప్పించవా?"

పెట్టెలో సగంమంది తలలు తిప్పారు. అడిగింది వేరుశెనగలే గానీ, అడిగిన తీరు మాత్రం జోరువానలో పసిబిడ్డతో గడప బయట నిలబడ్డ కోడలు తలుపు తీయమని వేడుకుంటున్నట్టుంది. అమ్మేవాడు కంగారుపడ్డాడు. "ఏడవద్దమ్మా, ఇస్తున్నా గదా" అని పొట్లం చేతిలో పెట్టి, చిల్లర కూడా సరిగా చూసుకోకుండా పక్క పెట్టెలోకి దాటుకున్నాడు.

ఆమె పెదవులు కదల్లేదు. మాట్లాడింది ఒళ్ళోని ఫోను. మనిషికి యాభై దాటి ఉంటాయి. నేత చీర, మెడచుట్టూ పలచని తెల్లగుడ్డ. ఆ గుడ్డ లోపలికీ బయటికీ సన్నగా కొట్టుకుంటోంది. ఊపిరి ముక్కుతో కాదు, మెడకింద చిల్లుతో తీస్తోందని తెలియడానికి నాకు కాస్త సమయం పట్టింది.

గొంతు మాత్రం వెంటనే తెలిసింది. అద్దె గదుల్లో, మెస్సుల్లో, లాడ్జీల కింద కౌంటర్ల దగ్గర, మధ్యాహ్నంపూట తెలుగు టీవీ మోగే చోటల్లా నేను అన్నం తింటూ విన్న గొంతు అది.

"అమ్మా, మీరు సీరియళ్ళకి డబ్బింగ్ చెప్పేవారా?" అన్నాను.

ఆమె ఫోనులో అక్షరాలు కొట్టింది. ఫోను మీద చిన్న సున్నా గుండ్రంగా తిరిగింది. ఆమె నా వైపు చాచిన పొట్లంలోంచి నేను రెండు గింజలు ఒలిచి నోట్లో వేసుకునేంతలో జవాబొచ్చింది. "అవునండీ. ఒకప్పుడు." ఆ రెండు మాటలూ కూడా శ్మశానం గేటు దగ్గర చెప్పినట్టే వచ్చాయి. ఆమె ముఖం చిట్లించి, చేత్తో 'పట్టించుకోకండి' అన్నట్టు సైగ చేసింది. తర్వాత మళ్ళీ కొట్టింది. "ఇది ఇంతేనండీ. కాఫీ అడిగినా ఏడుస్తుంది."

ఆమె పేరు బాలామణి. వ్యాసర్పాడిలో పుట్టింది, అక్కడే ఉంటోంది. ఎన్నూరులో ఉన్న అక్క దగ్గరికి పోతోంది. అక్క పేరు మునియక్క. చక్కెర జబ్బుతో చూపు పోయి మంచం పట్టింది. ఈ వానాకాలం దాటదని డాక్టర్లు చెప్పారు. ఇవన్నీ టీవీ కోడలి గొంతులో వినడం ఎంత ఇబ్బందో చెప్పలేను. నిజంగా చావు బతుకుల్లో ఉన్న అక్క గురించి చెబుతుంటే అది నటనలా వినిపిస్తోంది.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. నెల్లూరు వైపు తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి తెలుసు, తెర ముందు సీత వేరు, మండోదరి వేరు, శూర్పణఖ వేరు. తెర వెనక పాడేది మాత్రం ఒకే ఆడమనిషి, ఆటయ్యాక ఆమె ముఖం ఎవరూ చూడరు. తెలుగు సినిమా ఈ ఊరు వదిలి హైదరాబాదు పోయినా, తెర వెనక గొంతులు చాలాకాలం ఇక్కడే మిగిలాయి. తమిళ సీరియల్ తెలుగు చేయాలంటే మనుషులు ఇక్కడే దొరికేవాళ్ళు. బాలామణి తండ్రి బేసిన్ బ్రిడ్జి లోకోషెడ్డులో పనివాడు. ఇంట్లో భాష ఈడ, ఆడ, ఉండాది. మధ్యమధ్య తమిళం. డబ్బింగుకి గుంపులో అరిచే గొంతులు కావాలంటే ఆమెని ఎవరో తీసుకుపోయారు. డబ్బింగ్ ఇన్‌చార్జి రాజేశ్వరరావు ఆ గుంపులోంచి ఈ గొంతు ఏరి పట్టుకున్నాడు.

"నీ గొంతు బంగారమే అమ్మాయ్, నీ తెలుగే బేసిన్ బ్రిడ్జి!" అనేవాడట. అందరూ నవ్వేవాళ్ళట. ఆమెతో రోజూ పేపరు బిగ్గరగా చదివించాడు. 'ఈడ' అంటే టీ ఇప్పించేవాడు కాదు. చివరికి ఆమె చెప్పుల్ని ఎక్కడ విడిచేదో ఆ మాటల్నీ అక్కడే విడిచి మైకు ముందుకి పోయేది. ఇంటికి పోతే మళ్ళీ తొడుక్కునేది. ఇలా సగం జీవితం గడిచింది.

గొంతులో గడ్డ అన్నారు. గొంతుపెట్టె మొత్తం తీసేయాలన్నారు. పొగాకు ముట్టని మనిషి. టీ కూడా చల్లార్చుకుని తాగేది, గొంతు చెడుతుందని. ఆపరేషనుకి ముందే గొంతు బొంగురుపోయింది, రికార్డు చేసి దాచుకుందామన్నా మిగలలేదు. ఫణీంద్ర అనే సౌండ్ ఇంజనీరు, గుంటూరు వైపువాడు, కుర్రవాడు అనుకోకండి, నలభై దాటినవాడు, ఆమె పాత సీరియళ్ళ వాయిస్ ట్రాకులు సేకరించి, నెట్‌లో గొంతులు తయారుచేసే ఒక కంపెనీకి పంపాడు. వాళ్ళు ఫోనులో ఈ గొంతు పెట్టి ఇచ్చారు. మాట కొడితే మాట పలుకుతుంది.

దాన్ని తీసుకుని మొదటిసారి అక్క దగ్గరికి పోయింది. మంచం పక్కన కూర్చుని, "అక్కా, నేను బాలామణిని" అని కొట్టింది. ఫోను ఎంతో స్పష్టంగా, ఎంతో ఆర్తిగా పలికింది.

మునియక్క చెవి ఇటు తిప్పి వింది. "ఎవురమ్మా, ఆ టీవీ ఆపండి. తలనొప్పిగా ఉండాది" అంది.

పక్కింట్లో ఉండే ఆంటో, క్రీకులో, అంటే సముద్రపు పాయలో, చేపలు పట్టేవాడు, చెప్పి చూశాడు. ఇది చెల్లెలే అక్కా, గొంతు తీసేసినారు అక్కా, అని. ముసలామె నవ్విందట. "దానికి గొంతు తీసేస్తారా? అది నోరు మూసుకోని ఒక్క గడియ ఉంటాదా? పో రా!" చేయి పట్టుకుంటే, "ఈ నర్సమ్మ చేతులు బో మెత్తగా ఉండాయి" అందట. తర్వాత ఎన్నిసార్లు పోయినా అంతే. ఒకసారి టీవీ, ఒకసారి నర్సమ్మ.

పోనీ ఇంటి మాటలు కొడదామంటే, 'ఈడ' అని కొడితే ఆ కంపెనీ గొంతు 'ఇక్కడ' అని దిద్ది చదివేది. రాజేశ్వరరావు పోయినా ఆయన వాత మిగిలిందనుకుందట బాలామణి. కంపెనీకి ఉత్తరాలు రాస్తే, మీ సూచనకు ధన్యవాదాలు అని జవాబొచ్చేది.

"అప్పుడు ఫణీంద్ర అన్నాడండీ. అక్కా, వాళ్ళ మిషను మీద మనకేం హక్కుంది? మన ఇంట్లో మన మిషనే పెట్టుకుంటే, మనం ఏది నేర్పితే అది పలుకుతుంది అని."

ఈ మాట దగ్గర ఆమె కళ్ళలో కాస్త వెలుగొచ్చింది. బండి కదిలింది కూడా.

అలాంటి మిషన్ని సర్వర్ అంటారట. సర్వర్ అంటే చల్లటి పెద్ద గది, లోపల దీపాలు మినుకుమినుకుమనే అల్మరాలు అనుకునేవాణ్ణి నేను. ఆమే అలాగే అనుకుందట. చూలై పేటలో పాత ఆఫీసు కంప్యూటర్లు అమ్మే దుకాణంలో దొరికింది, ఎవరో పన్నుల లెక్కల వాళ్ళు వాడి పారేసిన డబ్బా. ఇంకో దుకాణంలో దానికి పాత గ్రాఫిక్స్ కార్డు. వ్యాసర్పాడిలో వానొస్తే నీళ్ళు మంచం పట్టెలదాకా వస్తాయి కాబట్టి డబ్బాని బీరువా మీదకి ఎక్కించారు. కరెంటు పోయినా కాసేపు నడిచేట్టు పక్కన ఒక బ్యాటరీ. ఫణీంద్ర కీబోర్డు మాత్రం ముట్టుకోలేదట. "మీరే కొట్టండక్కా. రేపు నాకు హైదరాబాదులో పని దొరికితే మీకెవరు చేస్తారు?" అన్నాడట. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. ఒక చుక్క తప్పితే మొత్తం తప్పు. ఆమె స్టూలెక్కి, బీరువా తలుపుకి ఒక చేత్తో ఆనుకుని, ఒక్కో అక్షరం పొడిచింది.

మొదట పాత ఫోటోలు పెట్టింది. ఇంట్లో ఏ ఫోనులో చూసినా కనిపించాయి. తర్వాత పాత ట్రాకులతో చేసిన సీరియల్ గొంతు పెట్టింది. ఇంట్లో పలికింది. సంతోషంగా కూరగాయల బండి దాకా పోయి వంకాయలు అడగబోతే, సున్నా తిరుగుతూనే ఉంది. ఇంటి వైఫై దాటితే ఆ డబ్బా ఎక్కడుందో ఫోనుకి తెలియదు. కేబుల్ కనెక్షన్ వాణ్ణి అడిగితే, "బయటికి కనిపించే అడ్రసు వీధికంతా ఒకటే అక్కా, నీ ఒక్క ఇంటికి ఎట్లా ఇస్తా?" అన్నాడు. అప్పుడు ఫణీంద్ర, బయటివాళ్ళు లోపలికి రాలేకపోతే లోపలినుంచే బయటికి దారి తవ్వుదామని, డబ్బానుంచి ఆమె ఫోనుకి తాళం వేసిన ఒక సొరంగం లాంటిది ఏర్పాటు చేశాడు. ఆ తాళంచెవి ఆమె ఫోనులోనే ఉంటుంది.

ఆయుధపూజ వచ్చింది. ఈ ఊళ్ళో ఆ రోజు పనిముట్లన్నిటికీ సెలవు. ఆటోలకి అరటిపిలకలు కడతారు, కత్తెరలకీ సుత్తులకీ బొట్లు పెడతారు, వాటిని ముట్టుకోరు. బాలామణి డబ్బాని కిందకి దింపి, తుడిచి, చందనం కుంకుమ పెట్టి, పూలమాల వేసి, ఆపేసింది. దానికీ విశ్రాంతి కావాలి కదా. తడి చందనం గాలి పోయే చిల్లుల్లోంచి లోపలి పంకాకి అంటుకుంది. మర్నాడు డబ్బా లేవలేదు.

ఫణీంద్ర బ్రష్షుతో గీకుతూ కూర్చున్నాడట. "అక్కా, దేవుడికి పెట్టారు బానే ఉంది. ముక్కులో ఎందుకు పెట్టారు?" అన్నాడట. ఇది చెబుతున్నప్పుడు ఆమె భుజాలు కదిలాయి. శబ్దం లేదు. మెడమీది గుడ్డ మాత్రం గబగబా కొట్టుకుంది. అది ఆమె నవ్వని అర్థమైంది.

కానీ డబ్బాకి నేర్పడానికి ఇంటి గొంతు కావాలి. అది ఎక్కడుంది? బతుకంతా మైకు ముందు గడిపిన మనిషి, తన మాటని తనకోసం ఒక్కసారీ రికార్డు చేసుకోలేదు. బయట ఎక్కువ మాట్లాడేది కూడా కాదు, గొంతు అరుగుతుందని. పెళ్ళి వీడియోల్లో ఆమె తల ఊపుతూ కనిపిస్తుందట.

ఫణీంద్రకి ఒక ఆలోచన వచ్చింది. టేకుకీ టేకుకీ మధ్య మైకు తెరిచే ఉంటుంది. దగ్గులు, నీళ్ళ గుటకలు, కబుర్లు అన్నీ పడతాయి. తర్వాత కత్తిరించి పారేస్తారు. పారేయని పాత డిస్కులు మూతపడ్డ ఒక థియేటరు గోదాములో ఉన్నాయి. అతను వాటిని తెచ్చి ఇచ్చాడు. బాలామణి రాత్రింబవళ్ళు చెవులకి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తన గొంతు వెతుక్కుంది. దొరికిందల్లా 'ఇక్కడ', 'అక్కడ', 'సర్, ఇంకో టేక్ చేద్దామా'. టీ అబ్బాయితో కూడా స్టూడియో తెలుగే. ఇంటి మాట ఒక్క చోటే దొరికింది. టేకు మధ్యలో అక్క ఫోను చేసినప్పుడు. మైకుకి వీపు తిప్పి, గొంతు తగ్గించి, కసిరిన మాటలు. "ఏందే, చుమ్మా చుమ్మా ఫోన్ చేస్తావు?" "ఈడ పని ఉండాది, అప్పరంగా మాట్లాడతా." "సరి సరి, పెట్టెయ్." చుమ్మా అంటే ఊరికే, అప్పరంగా అంటే తర్వాత. అలాంటివి ఇంకా కొన్ని, అన్నీ పోగేస్తే ఒక పాట పొడవు రాలేదు. అయినా ఆ డబ్బా వాటినే నమిలి నమిలి ఒక గొంతు తయారుచేసింది. ఫణీంద్ర పాత గొంతు తీసేయలేదు. బయటివాళ్ళకి సీరియల్ గొంతు, అక్కకి ఇంటి గొంతు.

"నాకు ఒక్కసారి వినిపిస్తారా, ఆ ఇంటి గొంతు?" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "అది ముందుగా మా అక్క వినాలండీ. నా పేరు దాని నోట ఒక్కసారి రావాలి. ఆ తర్వాత అది పోయినా నేను ఏడవను." ఫోను మాత్రం ఏడుస్తూనే చెప్పింది.

ఎన్నూరులో బండి ఆగింది. ఆమె దిగింది. వెనక నేనూ దిగాను. అభ్యంతరమా అన్నట్టు చూస్తే, రమ్మని చేయి ఊపింది.

థర్మల్ కరెంటు పొగగొట్టాలు కనిపించే ఊళ్ళో ఆరేసిన బట్టల రంగు ఎప్పుడూ ఒకటే, బూడిద. క్రీకు పక్కన సందులో రేకుల ఇల్లు. గుమ్మంలో ఆంటో వల బాగుచేసుకుంటున్నాడు. "వచ్చినావా అక్కా? ఈ పొద్దు తెలివిగానే ఉండాది" అని, లోపలికి కేకేశాడు. "మునియక్కా! చెల్లెలు వచ్చింది."

"ఏ చెల్లెలు? నర్సమ్మనా?"

మంచంలో ఎముకలగూడు. చేత్తో ఈగల్ని తోలుకుంటోంది. బాలామణి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, ఫోను ఆమె చెవి దగ్గర పెట్టింది. ముందే కొట్టి సిద్ధంగా ఉంచుకున్న మాట. నొక్కింది.

"అక్కా, నేనే, బాలామణిని. ఈడనే ఉండాను. అన్నం తిన్న్యావా లేదా?"

అది పూర్తిగా వేరే మనిషి గొంతు. కరుకు, తొందర, కసురు. వీధికుళాయి దగ్గర బిందె పెట్టి అరిచే గొంతు.

ఈగలు తోలే చెయ్యి ఆగిపోయింది.

"బాలా?" అంది మునియక్క. ముఖమంతా విప్పారింది. "బాలానే! వచ్చినావే! ఇప్పుడు తెలిసిందా నీకు దోవ?"

బాలామణి కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోకుండానే కొడుతోంది. సున్నా తిరుగుతోంది. ముసలామె ఆగలేదు. ఇన్నేళ్ళ మాటలు లోపల పేరుకుని ఉన్నాయి, ఎందుకు ఆగుతుంది?

"మా ఆయన్ని ఆస్పత్రిలో పడేసిన పొద్దు ఎన్నిసార్లు ఫోన్ చేసినానే నీకు? ఒక్కదాన్నే ఉండాను ఆడ. గుర్తుండాదా నీకు?"

అప్పుడు ఫోను పలికింది, వెనకటి ప్రశ్నకి జవాబు. "నేను వస్తానే ఉండాను. నీకే గుర్తు తెలీలేదు."

"నాకా గుర్తు తెలీనిది?" మునియక్క తల ఎత్తబోయింది. "నా మొగుడు సచ్చిన పొద్దు నాకు గుర్తులేదా?"

కాదు కాదని బాలామణి చేతులు ఊపింది. చూపులేని మనిషికి చేతులు ఊపి ఏం లాభం? మళ్ళీ వంగి కొట్టింది. ఈలోపల ముసలామె ఇంకో చోటికి పోయింది. "గొంతు పోయిందని ఈ ఆంటోతో చెప్పించినావే. ఇప్పుడెట్లా వచ్చింది? నాతో మాట్లాడను ఇష్టం లేక ఎవురినో నర్సమ్మని పంపించినావు. ఇన్నాళ్ళు ఏడ ఉండావే నువ్వు?"

ఫోను పలికింది, ఆస్పత్రి రోజుకి జవాబు. "రికార్డింగ్‌లో ఉండాను అక్కా. ఫోన్ తీయను కాలేదు." అందులోనూ అదే కసురు. ఆ డబ్బాకి ఇంకో తీరు తెలియదు. ఎవరూ నేర్పలేదు.

"చూసినావా ఆంటో?" అంది మునియక్క, నింపాదిగా. "దాని నోటితోనే చెప్పింది. రికార్డింగ్‌లో ఉందంట. గొంతు దివ్యంగా ఉండాది."

"అట్లా కాదు మునియక్కా, అది మిషను..." అన్నాడు ఆంటో.

"మిషనా? మా చెల్లెలి నోరు నాకు తెలీదా?"

నేను ఊరుకోలేకపోయాను. "అమ్మా, ఆవిడకి నిజంగానే గొంతుకి ఆపరేషన్ జరిగింది. నేను కళ్ళారా చూస్తున్నాను" అన్నాను.

ఆమె చెవి నా వైపు తిప్పింది. నేను మాట్లాడిన తెలుగుని రుచి చూసినట్టు పెదవులు చప్పరించింది. "స్టూడియో ఆయన్ని గూడా తోడు తెచ్చుకునిందే" అంది. "పాపం, మళ్ళా పనికి పోవాల గదా."

బాలామణి ఒక మాట సగం కొట్టి ఆగింది. ఫోను వైపు చూసింది. కొట్టినదంతా చెరిపేసింది. ఆమె ఏది కొట్టినా ఇంకో ప్రశ్నకి పోయి తగులుతుంది. పోట్లాటకి ఎదుటిమనిషి ఊపిరి తీసుకునే సందులో దూరే మాట కావాలి. అది వ్యాసర్పాడిలో బీరువా మీదనుంచి ఇంతదూరం వచ్చేలోపల ఇక్కడ పోట్లాట ఇంకో సంవత్సరపు గొడవకి దాటిపోతోంది.

"ఏమే, మాట్లాడవు? రోషమా?" అంది మునియక్క. "నీ రోషం నాకు తెలీనిదా? చిన్నప్పటినుంచీ అంతే నువ్వు. పలకవు. పలికితే కసురు."

బాలామణి లేచింది. ఫోను సంచిలో వేసి జిప్పు లాగింది. జారిపోయిన దుప్పటిని అక్క పాదాల మీదకి సర్దింది. మెడ గుడ్డ సరిచేసుకుని, వంగి గుమ్మం దాటింది. ఆంటో "అక్కా, టీ..." అంటూ లేచాడు. ఆమె ఆగలేదు. నేను చెప్పులు వెతుక్కుని బయటికి వచ్చేసరికి సందు చివరికి పోయింది.

తీరం రోడ్డు మీద లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. ఆమె వాటి పక్కనే, స్టేషను వైపు కాకుండా ఎదురుదిక్కున నడుస్తోంది. ఒక డ్రైవరు తల బయటపెట్టి ఏదో అడిగాడు, ఆమె చూడలేదు. నేను పిలిచాను. ఇంకోసారి పిలిచాను. నా వైపు కూడా తిరగలేదు. వెనక రేకుల ఇంట్లోంచి ముసలామె గొంతు, "ఏడ పోయిందే అది? నేను ఇంకా చెప్పను గూడా లేదే" అంటోంది. బాలామణి సంచి జిప్పు తీయకుండానే రెండు లారీల మధ్య సందులోంచి రోడ్డు దాటి అవతలికి పోయింది.